శని మీద నీళ్లు పడిన పొద్దు

1వ పొద్దు. నిల్వ 1,900 లీటర్లు.

పాత పుస్తకంలో ఇంకా నలభై పేజీలు ఖాళీగా ఉన్నాయి. అయినా ఇవాళ కొత్తది తెరిచాను. నిన్న పాతదాంట్లో రాసిన అంకె తొమ్మిది వేల రెండు వందలు. దాని కింద ఇవాళ్టి అంకె రాయడానికి చెయ్యి రాలేదు.

పొద్దు పొడవగానే రోజూ చేసే పనే చేశాను. వెనక వీధి చివరనున్న పెద్ద తొట్టి మూత తీసి కొలకర్ర దించాను. నీళ్లు తగలాల్సిన చోట తగల్లేదు. ఇంకా దించాను. తొట్టి అడుగున అతుకు జానెడు మేర విచ్చుకుని ఉంది, వేలు కూడా పట్టనంత సందు. అందులోంచి ఏడు వేల మూడు వందల లీటర్లు బయటికి కారి, గడ్డకట్టి, కిందికి వెళ్లిపోయాయి. తేలూరులో కింద పడింది ఏదీ మళ్లీ దొరకదు. మా ఊరి కింద నేల లేదు. శని గ్రహానికే లేదు. మేఘం కింద మేఘం, దాని కింద మరో మేఘం. ఆ కింద ఏముందో చూసి వచ్చినవాళ్లు లేరు.

నా పేరు కదిరమ్మ. ఈ ఊరి నీరుగంటిని. నా ముందు మా నాయన నీరుగంటి. మూడు పెద్ద సంచులు, వాటి నిండా కాచిన గాలి, ఒక్కో సంచికి వేలాడే ఒక్కో వీధి, అందులో నూట ముప్పై ఎనిమిది మందిమి. ఇదీ తేలూరు. పదిన్నర గంటలకో పొద్దు. తాగినవి, చెమటగా పోయినవి, ఊపిరిలో ఆవిరైనవి అన్నీ పట్టి, వడకట్టి, మళ్లీ తొట్టిలో పోయడం నా పని. ఎంత జాగ్రత్తగా పట్టినా పొద్దుకు నాలుగు లీటర్లు ఎటో పోతాయి. బయట గాలికి కరువు లేదు గానీ అందులో ఊపిరి లేదు. మేం పీల్చేది నీళ్లను విడగొట్టి తీసుకున్నదే. తొట్టి ఎండితే దాహంతో చచ్చేదాకా కూడా ఉండం.

నీళ్లు వచ్చేది పెద్దవాన వచ్చినప్పుడే. భూమి లెక్కలో ముప్పై ఏళ్లకోసారి శని అడుగుపొరల్లో తుఫాను పుట్టి, లోపలి నీళ్లను మంచుగా మార్చి పైకి ఎత్తిపోస్తుంది. పోయినసారి వచ్చి ఇరవై ఏడేళ్లయింది. తొమ్మిది వేలుంటే ఇంకో రెండు మూడేళ్లు ఎలాగో లాగేవాళ్లం. పందొమ్మిది వందలంటే నాలుగు వందల డెబ్బై అయిదు పొద్దులు. భూమి లెక్కలో ఏడు నెలలు.

అతుకు వేశాను. దాని మీద రెండోది, మూడోది కూడా వేశాను. వేస్తూ ఏడ్చాను. ఆ నీళ్లూ దండగేనని తర్వాత తోచింది.

6వ పొద్దు. నిల్వ 1,880.

మా అక్క మల్లక్క నడి వీధి వంటశాలలో ఊరందరికీ వండుతుంది. ఇవాళ బాణలి పెట్టి ఆవాల డబ్బా వెతుక్కుంటూ నన్ను పిలిచింది.

"మేయ్ కదిరీ, ఇట్ల రా. ఆవాలు ఇంగా వేయనేలేదు. ఈ చిటపట యాడ్నుంచి వస్తాంది?"

బాణలి ఖాళీగా ఉంది. చప్పుడు గోడ మీది రేడియోలోంచి వస్తోంది. కాసేపు ఆగుతుంది, మళ్లీ గుప్పెడు ఆవాలు ఒక్కసారిగా పేలినట్టు చిట్లుతుంది. మా బావ చౌడప్ప, అంటే అక్క భర్త, అన్నానికి వచ్చి గుమ్మంలోనే నిలబడిపోయాడు. ఊరిని నడిపేది ఆయనే. ఏ గాలిలోకి ఎక్కాలో, ఏ గాలి నుంచి దిగాలో ఆయన చెప్పిందే మాట.

"మెరుపులు," అన్నాడు. "గ్రహానికి ఆ పక్క మెరుస్తాండాది. పెద్దవాన ముందే వచ్చేసింది."

ఏలినాటి శని అయితే ఏడున్నరేళ్లకు వదులుతుంది, మనల్ని పట్టిన శని వదిలేదెప్పుడు అని నవ్వుకునే ఊరు మాది. ఆ శనే అడగకుండా ఎదురొచ్చి ఇచ్చిందని నాకు సంతోషం పొంగింది. బావ వైపు చూశాను. ఆయన ముఖంలో రక్తం లేదు. విస్తరి ముందు కూర్చోకుండానే వెళ్లిపోయాడు.

9వ పొద్దు. నిల్వ 1,868.

ఊరంతా నడి వీధిలో కూడింది. దక్షిణం గాలిలోకి తప్పుకుందామని బావ అన్నాడు.

ఆయన ఎందుకలా అన్నాడో అందరికీ తెలుసు. పోయిన పెద్దవాన నాటికి తేలూరుకు నాలుగు వీధులుండేవి. మంచు పేరుకుని నాలుగో సంచి బరువెక్కింది. ఊరు మొత్తాన్ని కిందికి లాగింది. ఆ వీధిని ఊరికి కలిపే కొక్కెం తీయమన్నాడు అప్పటి పెద్దాయన. కొక్కెం దగ్గరున్నది బావ. ఆయనకప్పుడు పాతికేళ్లు. ఆ వీధిలో పందొమ్మిది మంది ఉన్నారు. నాకు పదకొండేళ్లు. లోపలి గదిలో పిల్లలందరితో కలిసి కళ్లు మూసుకుని కూర్చున్నాను. ఊరు ఒక్క ఊపుతో పైకి లేచింది, అది మాత్రం గుర్తుంది.

"తప్పుకుందాం, సరే," అన్నాను. "ఊపిరి యాడ్నుంచి తెస్తావు బావా?"

ఆయన వేలితో నేల మీద ఒక పొడుగాటి గీత గీశాడు.

"తుఫాను తల దగ్గరికి పొయ్యేది లేదు," అన్నాడు. "తలను దాటిపోనిద్దాం. దాని వెనక తోక సాగుతాది. ఆడ మంచు పలచగా రాల్తాది. మెల్లగా ఏరుకుందాం."

"పలచగా అంటే యెంత?"

"దొరికినంత మేయ్. మనుషులు మిగిలినంత."

అందరూ ఒప్పుకున్నారు.

40వ పొద్దు. నిల్వ 1,744.

తుఫాను తల ఇవాళ మాకు ఉత్తరంగా దాటింది. పనులు మానేసి అందరం కిటికీల దగ్గర చేరాం.

మామూలుగా మా ఆకాశం వెన్న కాచిన రంగులో ఉంటుంది, ఎటు చూసినా పలచని మసక. ఇవాళ ఉత్తరమంతా తెల్లగా లేచింది. పాలు పొంగినట్టు అందామంటే పొంగిన పాలు కాసేపటికి తగ్గుతాయి. ఇది తగ్గలేదు. పొంగు మీద పొంగు వస్తూనే ఉంది. కొస ఎక్కడో చూద్దామని తల ఎత్తాను, ఇంకా ఎత్తాను, మెడ నొప్పి పుట్టింది. కొస కనపడలేదు. భూమి లాంటివి అందులో ఒక దాని పక్కన ఒకటి పడతాయని బావ చెప్పాడు. మాలో ఎవరూ భూమిని చూడలేదు. ఎంతుంటుందో కూడా తెలియదు. అయినా ఆ మాటకు అందరూ నోళ్లు తెరిచారు.

అంత తెలుపూ కింది నుంచే వస్తోంది. ఎవరూ చూడని చోటు నుంచి నీళ్లు లేచి, గడ్డకట్టి, ఎండలో మెరుస్తున్నాయి. నాలుగు లీటర్లకు లెక్క రాసుకునే నేను దాన్ని చూస్తూ కొలవడం ఎలాగా అని ఆలోచించాను. అంకె తట్టలేదు. చేతులు వాటంతటవే జోడయ్యాయి.

మధ్యమధ్య ఆ తెలుపు లోపల ఎక్కడో వెలుగు పుట్టి ఆరిపోతోంది. చాలాసేపటికి ఉరుము వచ్చేది. అది చెవికంటే ముందు కాళ్లకు తెలిసేది.

బావ మాత్రం కిటికీ దగ్గరికి రాలేదు. చుక్కాని గదిలో కొలతల ముళ్లు చూసుకుంటూ ఉండిపోయాడు.

118వ పొద్దు. నిల్వ 4,530.

తోకలో ఉన్నాం. పొద్దంతా సంచుల మీదే పని. చలితొడుగులు, ఊపిరి ముసుగులు వేసుకుని, నడుముకు తాళ్లు కట్టుకుని పైకెక్కుతాం. సంచి పైపొర చల్లగానే ఉంటుంది కాబట్టి రాలిన మంచు దాని మీద పలచగా పేరుకుంటుంది. పారలతో గీకి కాలువల్లోకి తోస్తాం. అది కిందికి జారి, వేడి గొట్టంలో కరిగి, తొట్టికి చేరుతుంది. మంచు పొడి మొత్తం నీళ్లు కాదు. సగానికి పైగా అమ్మోనియా. దాన్ని వేరు చేసేసరికి కళ్లు మండిపోతాయి.

నాతోపాటు పని చేసేది వెంగమ్మ. వెనక వీధి పొయ్యిని చూసుకునేది ఆమే. ఆ పొయ్యి వేడితోనే మూడో సంచి తేలుతుంది. ఇరవై ఆరేళ్ల పిల్ల, పెద్దవాన పోయాక పుట్టింది. ఈ మంచు ఆమెకు ఆటలా ఉంది. పారతో గీకుతూ అడిగింది.

"అక్కా, వానంటే ఇదేనా?"

"ఇదే. మా నాయన చూసిందీ ఇదే."

"మల్ల వాన పడతాది అంటారే. ఇది రాల్తాంది గదా."

మాటలు భూమి నుంచి వచ్చాయి, వాటితోపాటు రావాల్సినవి రాలేదు.

నడి వీధిలోని చిన్న తొట్టిని ముందు నింపుతున్నాను. అతుకులు వేసిన పెద్ద తొట్టి మీద ఇంకా నమ్మకం కుదరలేదు. అది నిండితే లక్ష లీటర్లు పడుతుంది. లక్ష ఉంటే మళ్లీ పెద్దవాన దాకా దిగులుండదు. ఈ లెక్కన పోతే తోక మాయమయ్యే నాటికి పదిహేను వేలు చేరితే గొప్ప.

305వ పొద్దు. నిల్వ 12,640.

తుఫాను తల మా నుంచి దూరంగా పోతోందని రెండు వందల అరవై పొద్దులుగా నిశ్చింతగా ఉన్నాం. ఇవాళ రేడియో మళ్లీ చిటపటమంది. ఈసారి చప్పుడు తూర్పు నుంచి, మా వెనక నుంచి వస్తోంది.

వంటశాల బల్ల మీద ఉన్న గుమ్మడికాయను బావ చేతిలోకి తీసుకుని దాని చుట్టూ వేలు తిప్పి చూపించాడు.

"తల ఇట్ల పోయింది. పోతాంది, పోతాంది, గుండు చుట్టూ తిరిగి మల్ల ఇట్ల వస్తాంది. తోక ఆడనే ఉండాది. తోకలో మనం ఉండాం."

తుఫాను గ్రహం చుట్టూ ఒక ప్రదక్షిణ చేసి తన తోకనే తాను అందుకోబోతోంది. అక్క చేతిలో గరిట అలాగే ఉండిపోయింది.

"ఎన్నాళ్లుండాది?" అన్నాను.

"ఇరవై పొద్దులు. రేపే తప్పుకుందాం."

ఇక్కడ నేను చేసిన పని రాయాలి. తల దగ్గరపడే కొద్దీ తోకలో మంచు చిక్కబడుతోంది. అంతకు ముందు పొద్దుకు యాభై లీటర్లు గగనం. నాలుగు పొద్దులుగా అయిదు వందలకు తగ్గట్లేదు. పదిహేను పొద్దులు ఉండనివ్వమని అడిగాను. ఆయన కాదన్నాడు. మళ్లీ అడిగాను. చిన్నపిల్లల పేర్లు చదివాను. వాళ్లకు ముప్పై ఏళ్లొచ్చే నాటికి ఏం పీలుస్తారని అడిగాను. మనిషి మెత్తబడే చోటు నాకు తెలుసు, అక్కడే గుచ్చాను.

"పన్నెండు," అన్నాడు. "పదమూడోది లేదు."

316వ పొద్దు. నిల్వ 19,300.

ఇవాళ ఒక్క పొద్దే తొమ్మిది వందలు. పారలు చాలక పళ్లేలతో తోశాం. చిన్న తొట్టి నిండి పన్నెండు వేలయింది, మిగతాది పెద్ద తొట్టిలో పడుతోంది. తూర్పు ఆకాశం కింది నుంచి పై దాకా తెల్లటి గోడ. గోడ కదులుతున్నట్టు కనపడదు. కాసేపు పక్కకు తిరిగి మళ్లీ చూస్తే పెద్దదై ఉంటుంది. రేపు బయలుదేరతాం.

నిల్వ కొలవలేదు. పొద్దు ఎన్నోదో తెలియదు.

జరిగింది జరిగినట్టు రాస్తున్నాను.

తల మేం అనుకున్న దానికంటే ఎనిమిది పొద్దులు ముందే, మేం బయలుదేరాల్సిన పొద్దునే వచ్చింది. గాలి కొట్టలేదు. ఉన్నట్టుండి నిశ్శబ్దమైంది, తర్వాత మంచు పడింది. ఇన్నాళ్లూ రాలింది పొడి. ఇది పిడికిళ్లతో విసిరినట్టు పడింది. అప్పటికి నేను వెనక వీధిలో తొట్టి దగ్గర ఉన్నాను. నాతో వెంగమ్మ, పిల్లలతో కలిపి ఇంకో పదిహేను మంది. గీకడానికి పైకెక్కే వీలు లేదు. మూడో సంచి పొయ్యికి గాలి అందించే గొట్టాలు మంచుతో పూడుకుపోయాయి. పొయ్యి మందగించింది, వెనక వీధి ఒక వైపుకు ఒరిగింది. ఒరగడంతో నడి వీధికి పోయే తలుపు చట్రంలో బిగుసుకుపోయింది. నలుగురం గడ్డపారతో పెకలించాం. కదల్లేదు.

తలుపు పక్కన మాట్లాడే గొట్టం ఉంది, చుక్కాని గదికి పోతుంది. అందులో బావ గొంతు వినిపించింది.

"కదిరీ. ఆడ ఎంతమంది ఉండారు?"

"పదిహేడు మందిమి."

"తలుపు?"

"రాలేదు బావా."

గొట్టంలో ఆయన ఊపిరి వినిపిస్తోంది. ఊరు దిగుతోంది. కడుపులో తెలుస్తోంది. ఆయన పక్కనే వెనక వీధి కొక్కెం ఉంటుంది. నేను నీరుగంటిని, లెక్క చెప్పడం నా పని. పైగా ఆ పన్నెండు పొద్దులు అడిగింది నేనే.

"ఆ పక్క నూట ఇరవై ఒక్క మంది ఉండారు," అన్నాను. "చిన్న తొట్టి మీ దగ్గరే ఉండాది. పన్నెండు వేలు. మూడేళ్లు గడుస్తాది. కొక్కెం తీసెయ్ బావా."

వెంగమ్మ నా వైపు చూసింది. ఒక చేత్తో నా కొంగు పట్టుకుంది, అంతే.

"లెక్క చెప్పొద్దు నాకి," అన్నాడు బావ. "ఒకసారి లెక్క విని తీసినా. రెండోసారి ఈ చేత్తో కాదు." తర్వాత నెమ్మదిగా, కూర ఎలా వండాలో చెప్పినట్టు చెప్పాడు. "ఇను. మూడు సంచులూ ఒక్కతూరి చల్లారుస్తాండా. అందరం కలిసి దిగుదాం."

"యాడికి?"

"కిందికి. కింద ఎచ్చగా ఉంటాది. మంచు నిలవదు."

శనిలో దిగే కొద్దీ వేడెక్కుతుందని చిన్న పిల్లలకూ తెలుసు. దిగే కొద్దీ బయటి గాలి ఊరిని నలిపేస్తుందనీ తెలుసు. ఒత్తిడి చూపే ముల్లు దగ్గర ఊరు కట్టినవాళ్లు గీసిన ఎర్రగీత ఉంది. మంచు కరిగే వేడి ఆ గీతకు రెట్టింపు లోతులో ఉంటుంది. గోడలు నలగకుండా ఉండాలంటే లోపల కూడా అంతే గాలి నింపుతూ పోవాలి. సంచుల పని కోసం దాచిన హీలియం అంతా లోపలికి వదులుతానన్నాడు. చెవులు పట్టేస్తే ముక్కు మూసి ఊదమన్నాడు.

దిగాం. వెలుగు మొదట పసుపు, తర్వాత ఇటుక రంగు, తర్వాత ఏమీ లేదు. పైన మధ్యాహ్నమై ఉంటుంది, మా కిటికీలో తారు పూసినట్టు చీకటి. గోడలు మూలిగాయి. ముల్లు ఎర్రగీత దాటింది. చెవుల్లో సూదులు దిగాయి. పిల్లల చేత మింగిస్తూ, ఊదిస్తూ వెంగమ్మ ఒక్కొక్కరి దగ్గరికీ పాకింది. ఒక పిల్లాడు ఏడుపు మొదలుపెడితే అది బాతు కూసినట్టు వచ్చింది. వాడు తన గొంతుకు తానే జడుసుకుని ఆపాడు. హీలియం పీలిస్తే గొంతు అట్లా అవుతుంది. "ఏం కాదులే నాయనా" అని నేనూ బాతు గొంతుతోనే అన్నాను. ఎవరో నవ్వారు. ఆ నవ్వు కూడా బాతుదే. అంత భయంలో పదిహేడు మందిమి బాతుల్లా నవ్వాం.

అప్పుడు చప్పుడు మొదలైంది.

మొదట నెత్తి మీద ఎక్కడో ఒక చుక్క. తర్వాత పది. తర్వాత సంచి మీది మంచు పెళ్లలు పెళ్లలుగా జారడం, ఆ వెనక కాలువల్లో ఏదో పరుగెత్తుకు రావడం. నాకు అర్థం కాలేదు. పుట్టినప్పటి నుంచి నీళ్లతోనే బతుకుతున్నాను గానీ పరుగెత్తే నీళ్ల చప్పుడు నేనెన్నడూ వినలేదు. మా నీళ్లు గొట్టాల్లో సన్నగా కదులుతాయి, చెంచాల్లో ఉంటాయి. ఇవి అరుస్తూ వచ్చాయి. పెద్ద తొట్టిలో పడుతుంటే ఆ దెబ్బకు కాళ్ల కింద నేల అదిరింది.

కిటికీ బయట మెరిసింది. ఆ వెలుగు చాలాసేపు నిలిచింది. అటూ ఇటూ, పైనా కిందా, చూపు ఆనినంత మేరా నీళ్లు పడుతున్నాయి. రేగుపండంత చుక్కలు. ఒక్కొక్క చుక్కలోనూ మెరుపు ఉంది. మంచు కాదు, పొడి కాదు. నీళ్లే, నీళ్ల రూపంలోనే, ఎవరూ అడగకుండా, ఎవరికీ కొలవకుండా పడుతున్నాయి. దూరంగా మేఘాల మధ్య కొండలంత తెరలు తెరలుగా ఊగుతున్నాయి. ఎక్కడి నుంచి వస్తున్నాయో పైన కనపడలేదు, ఎక్కడికి పోతున్నాయో కింద కనపడలేదు. తుఫాను ఇంత తాగి, ఇంత పైకి మోసి, మళ్లీ ఇంతా ఇక్కడే పారబోస్తోంది. మనుషులు పుట్టక ముందు నుంచీ ఈ చీకట్లో పోస్తూనే ఉంది. మేం పైన చెంచాతో ఏరుకుంటున్నాం.

"అక్కా," అంది వెంగమ్మ బాతు గొంతుతో. ఆమె చెంపల మీద నీళ్లు కారుతున్నాయి. "పడతాంది."

"అవును మే. పడతాంది."

మా నాయన ఒక మాట అనేవాడు, మరవ పారడం అని. తొట్టి నిండి అంచు మీంచి పొర్లిపోతే దాన్ని మరవ పారడం అంటారట. భూమ్మీది పాత నీరుగంటుల మాట. ఆ మాట వాడే అవసరం ఆయనకు రాలేదు. ఇవాళ పెద్ద తొట్టి మరవ పారింది. మోకాలిదాకా చల్లటి నీళ్లలో నిలబడి చూశాను. వడకట్టాలి, విషం తీయాలి, తాగడానికి పనికిరావు. అయినా రెండు చేతులూ ముంచి మోచేతుల దాకా తడుపుకున్నాను.

322వ పొద్దు. నిల్వ 1,12,000. రెండు తొట్లూ నిండాయి.

మంచు వదిలాక ఊరు తేలికపడింది. గొట్టాలు తెరుచుకుని వెంగమ్మ పొయ్యి మళ్లీ రాజుకుంది. వీధి నిటారయ్యాక తలుపు దానంతటదే వచ్చింది. నేను చుక్కాని గదికి పరుగెత్తాను.

ఆ గది కిటికీలు పెద్దవి, ఒత్తిడికి పగులుతాయని బావ ముందే ఇనుప రెక్కలు దించేశాడు. అంత వానలోంచీ ముళ్లు చూసుకుంటూనే ఊరిని దించాడు. ఆ గదిలోకి హీలియం వచ్చే తూము మంచుతో బిగిసిపోయి ఉంటే సుత్తితో కొట్టాడట. అది మెల్లగా తెరుచుకోలేదు, ఒక్కసారిగా పగిలింది. నేను వెళ్లేసరికి కుర్చీలో కూర్చుని ఉన్నాడు. రెండు చెవుల నుంచీ కారిన రక్తం చొక్కా మీద ఎండిపోయి ఉంది. చేతులు మాత్రం చక్రం మీద కదులుతూనే ఉన్నాయి.

"బావా."

ఆయన ముళ్లే చూస్తున్నాడు. ఎదురుగా వెళ్లి నిలబడ్డాను.

"ఎంతమంది?" అన్నాడు గట్టిగా.

నేను చెప్పాను. ఆయన నా పెదాల వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. బల్ల మీది సుద్దముక్క తీసుకుని గోడ మీద రాశాను. నూట ముప్పై ఎనిమిది.

ఆయన ఆ అంకెను చాలాసేపు చదివాడు. తర్వాత చక్రం నా చేతికిచ్చి, మోకాళ్ల మీద తల పెట్టుకున్నాడు.

368వ పొద్దు.

పైకి రావడానికి నలభై ఆరు పొద్దులు పట్టింది. తొందరపడితే ఒంట్లోకి వెళ్లిన గాలి కీళ్లలో బుడగలవుతుంది. కొంచెం ఎక్కడం, ఆగడం, మళ్లీ ఎక్కడం. గొంతులు మెల్లగా మనుషుల గొంతులయ్యాయి. బావ చెవులు రాలేదు. కర్ణభేరులు రెండూ పోయాయి, లోపలి నరం కూడా దెబ్బతిని ఉంటుందని మంత్రసాని అంది. మాకు వైద్యమంతా ఆమే.

ఇవాళ పాత ఎత్తుకు చేరాం. తుఫాను లేదు. తన తోకను తాను అందుకున్న తల అక్కడే చెదిరి, చల్లారిపోయిందట. నాలుగైదు నెలల పాటు గ్రహాన్ని చుట్టిన మనిషి ఇంటికొచ్చి గుమ్మంలో పడుకుని నిద్రపోయినట్టు. ఉన్న మసకనంతా వాన కడిగేసింది. ఇన్నాళ్లూ మేం మేఘంలో బతికామని ఇప్పుడు తెలిసింది. కింద వంద మైళ్ల లోతు దాకా ఖాళీ, దాని గోడలు రాగి రంగు, నీలం రంగు. అంత లోతు మీద మా మూడు సంచుల నీడలు ఆవగింజల్లా పాకుతున్నాయి. పిల్లలు కిటికీ పట్టుకుని వదలట్లేదు. పెద్దవాళ్లు మాత్రం రెండడుగులు వెనక్కి వేసి చూస్తున్నారు.

బావ ఇవాళ కిటికీ దగ్గరికి వచ్చాడు. అందరికంటే ముందు నిలబడ్డాడు.

374వ పొద్దు.

ఊరు కూడి ఒక మాట అనుకుంది. మనిషికి ఒక చెంబు, కేవలం ఒంటి మీద పోసుకోవడానికి. ఒంటి మీద నీళ్లు పోసుకోవడం మాలో ఎవరికీ తెలియదు, తడిబట్టతో తుడుచుకోవడమే. వెంగమ్మ తన చెంబు పట్టుకుని ముందు కాళ్ల మీద పోసుకోవాలా, నెత్తి మీదా అని అందర్నీ అడిగి, చివరికి కళ్లు మూసుకుని ఒక్కసారిగా కుమ్మరించుకుని, ఊపిరాడక ఎగిరింది.

అక్క వంటశాలలో మూడు చెంబులు కాచింది. ఆయనది, ఆమెది, నాది. బావను పీట మీద కూర్చోబెట్టింది. ఆయన తలకు నూనె రాసి, మొదటి చెంబు మెల్లగా, ధార తెగకుండా నెత్తి మీద పోసింది. నీళ్లు నుదుటి మీంచి, మూసిన కళ్ల మీంచి, చెవుల వెనక నుంచి భుజాలకు దిగాయి. ఆయన ఒళ్లు ఒకసారి జలదరించింది. తర్వాత కదల్లేదు.

చెంబు ఖాళీ అయ్యాక కూడా ముఖం అలాగే పైకెత్తి ఉంచాడు.

"మేయ్ మల్లీ," అన్నాడు, వినపడనివాళ్లు మాట్లాడినట్టు పెద్దగా. "వాన ఇట్లనే ఉండెనా?"

ఏం చెప్పినా ఆయనకు చేరదు. అక్క తన చెంబు తీసి అదీ పోసింది. అది కూడా అయిపోయింది. ఆయన కళ్లు తెరవలేదు, ఇంకా ఎదురుచూస్తున్నాడు. అక్క ఖాళీ చెంబుతో నా వైపు తిరిగింది.

నా చెంబు ఆమె ముందుకు జరిపాను.